ఒకటోసారి... రెండోసారి...

మా గుణదల కొండ మీద మేరీమాత తిరనాళ్ళు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. ఆ మూడు రోజులూ మా వీధిలోకి ఆటో రాదు, మా ఇంట్లోంచి చుట్టాలు పోరు. 2023లో తిరనాళ్ళు అయిపోయిన రెండో రోజు, సోమవారం మధ్యాహ్నం, వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాలుద్దామని ముందుగదిలోకి వస్తే అక్కడ టీవీ ముందు చిన్న సంతే కూడింది. మావారు, మా అబ్బాయి, ఇంకా ఊరికి బయల్దేరని మా మరిది, అమెరికా నించి వచ్చిన మా చెల్లెలి కొడుకు. అందరికీ ముందు, చాప మీద బాసింపట్టు వేసుకుని పొడుగు నోటుబుక్కుతో మా మనవరాలు.

"ఏమిటర్రా, ఏం కొంటున్నారు?" అన్నాను.

"మనుషుల్ని, మామ్మా!" అంది అది తల తిప్పకుండానే.

దానికప్పుడు పదమూడేళ్ళు. ఎడంచేత్తో బంతి తిప్పుతుంది. ఆ రోజు ముంబయిలో ఆడవాళ్ళ క్రికెట్ లీగుకి మొట్టమొదటి వేలం. నోటుబుక్కులో ఒక పక్క పేర్లు, ఒక పక్క ఇది ఊహించిన ధర, మూడో వరస ఖాళీ. అసలు ధర పలకగానే అందులో వేసుకుంటుందట. ఇంట్లో ప్రతివాళ్ళూ తలా ఒక ధర చెప్పి పందెం కాశారు. "ఈ పిల్లకి కోటి వస్తుంది" అని మా మరిది. "కోటా, నీ మొహం! ముప్ఫై లక్షలు దాటదు" అని మావారు. చుట్టాల అమ్మాయికి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా ఇంత పట్టుగా వాదించుకోరు.

నాకెందుకో ఒళ్ళు జలదరించింది సుమండీ. మనిషికి పాట పాడటమేమిటి? మా చిన్నప్పుడు చెరువులో చేపలకి పాట పెట్టేవారు, దేవుడి మాన్యాలకి కౌలుపాట పెట్టేవారు. అప్పు తీర్చని రైతు గేదెల్ని వేలం వేసేవారు. వేలం అనే మాట అసలు మనది కాదుట. పోర్చుగీసు వాళ్ళ 'లైలావ్' ఓడల్లో వచ్చి, మన రేవుల్లో దిగి, వేలమైంది. అలా వచ్చిన మాటకి మనవాళ్ళు 'వెర్రి' తగిలించి వేలంవెర్రి చేసేశారు. ఆ తగిలించడం మాత్రం అచ్చంగా మనదే!

ఈ మాటే పైకంటే మా చెల్లెలి కొడుకు నవ్వాడు. "పెద్దమ్మా, నువ్వు అమెరికా రావాలి. అక్కడ ఫుట్‌బాల్ కుర్రాళ్ళని ఎంచుకునే తంతు చూస్తే ఇదెంతలే అంటావు" అని మొదలుపెట్టాడు.

వాళ్ళ ఫుట్‌బాల్ మనం అనుకునే కాలిబంతి కాదు. కోడిగుడ్డులా కోసుగా ఉండే బంతిని చేతుల్తో విసురుకుంటూ, ఒకరినొకరు కుమ్ముకుంటూ ఆడతారు. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. పెళ్ళి వంటలో పెద్ద వంటవాడి లాంటివాడన్నమాట. బంతి చేతికొచ్చిన రెండు మూడు సెకన్లలో, మీదికి ఎద్దుల్లాంటి వాళ్ళు వస్తూంటే, ఎవరికి విసరాలో తేల్చుకుని విసరాలి. వాడు బాగుంటే జట్టు బాగున్నట్టే. అందుకని కాలేజీల్లో ఆడే ఆ కుర్రాళ్ళలో ఎవడు పనికొస్తాడా అని నెలల తరబడి దేశమంతా వాదించుకుంటుందిట.

ఇక ఎంచుకునే పద్ధతి వింటే నాకు ముచ్చటేసింది. అది వేలం కాదు, వంతు. కిందటేడు ఆఖర్న నిలిచిన జట్టుకి ఈ ఏడు మొదటి వంతు. గెలిచినవాడికి చివర. కిందటిసారి కడపటి పంక్తిలో కూర్చుని గారె అందనివాళ్ళకి ఈసారి ముందు విస్తరి వేయడం లాంటిదన్నమాట! ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ అనే ఆయన 1935లో ఈ ఉపాయం చెప్పాడు. మరి ఆయన జట్టే అన్నిటికన్నా ఓడిపోతూండేది. 1936 ఫిబ్రవరి 8న ఒక హోటల్లో మొదటిసారి జరిపారు. తొమ్మిది జట్లు, పలక మీద తొంభై పేర్లు. మొట్టమొదట పిలిచిన పేరు జే బెర్వాంగర్. కాలేజీ ఆటలో అందరికన్నా మిన్న అని బహుమతి తెచ్చుకున్నవాడు. తీరా పిలిస్తే, మీరిచ్చే జీతం నాకు చాలదని ఆయన ఒక్క ఆటైనా ఆడకుండా వేరే ఉద్యోగం చూసుకున్నాడు! పీటల మీదికి రమ్మంటే వరుడు వీధి గుమ్మంలోంచి అటే వెళ్ళిపోయినట్టు.

"ఎంచుకునే ముందు కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి కొలుస్తారు పెద్దమ్మా. ఎత్తు, బరువు. నలభై గజాలు పరిగెత్తిస్తారు. జాన కూడా కొలుస్తారు, బొటనవేలి కొసనించి చిటికెనవేలి కొస దాకా."

నాకు చప్పున నా పెళ్ళిచూపులు గుర్తుకొచ్చాయి. 'కాస్త అటు నడవమ్మా' అన్నారు, కాలు కుంటేమోనని. జడ సొంతమా సవరమా అని మా ఆడపడుచు వెనకనించి చెయ్యి వేసి చూసింది. ఒక పాట పాడమన్నారు, నత్తేమోనని. నలభై గజాలు పరిగెత్తించలేదంతే!

ఈ కొలతలవల్ల ఒరిగిందేమిటయ్యా అంటే, అదీ చెప్పాడు. 1998లో పేటన్ మానింగ్, రయన్ లీఫ్ అని ఇద్దరు. ఇతనా అతనా అని తలలు పండినవాళ్ళే రెండుగా చీలిపోయారు. ఇండియానాపొలిస్ వాళ్ళు మానింగ్‌ని మొదట తీసుకుంటే, సాన్ డియాగో వాళ్ళు రెండో వంతు కోసం తమ వంతులు మరికొన్ని ధారపోసి మరీ లీఫ్‌ని తీసుకున్నారు. మొదటివాడు ఆ ఆటలో మహామహుడయ్యాడు. రెండోవాడు నాలుగేళ్ళకే ఆటకి దూరమయ్యాడు. రెండేళ్ళకి, 2000లో, టామ్ బ్రాడీ అని ఒక సన్నపాటి కుర్రాడు వచ్చాడు. పరుగులో వెనకబాటు. 198 మందిని పిలిచాక 199వ పేరు అతనిది. అతనికన్నా ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాకుల్ని ఎంచుకున్నారు. చివరికి ఏడుసార్లు టైటిల్ గెలిచిన జట్లకి సారథి ఆయనే.

"అయితే కొలిచినవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళా?" అన్నాను.

"కాదు. చెయ్యి ఎంత పొడుగో కొలవొచ్చు. భయం ఎంతో కొలిచే టేపు లేదు" అన్నాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాడు చిన్నప్పుడు ఇంత బాగా మాట్లాడేవాడు కాదు.

మావారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. క్రికెట్టంటే ప్రాణం. అంతసేపూ అమెరికా మాటలు విని ఉక్రోషం వచ్చినట్టుంది. "1936 అంటున్నావు కదా, ఆ ఏడే మనవాళ్ళూ ఒకర్ని ఎంచుకున్నారోయ్. అది చెప్పు ముందు" అన్నారు.

ఆ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. సి.కె. నాయుడిగారు పుట్టింది నాగపూరులో, 1895లో. కాని పూర్వీకులది మన బందరు. 1926లో ఇంగ్లండునించి వచ్చిన జట్టు మీద బొంబాయిలో 153 పరుగులు కొట్టారు. అందులో 11 సిక్సర్లు. ఆ చప్పుడుకే మన దేశానికి టెస్టు హోదా వచ్చిందంటారు. 1932లో లార్డ్స్‌లో మొదటి టెస్టు. అప్పుడు జట్టుకి నాయకుడని పేరు పెట్టింది పోరుబందరు మహారాజుకి. ఆయన పెద్దమనిషి. తన ఆట సంగతి తనకి తెలిసి, టెస్టుకి పక్కకి తప్పుకుని నాయుడిగారిని ముందుంచాడు. అలా భారతదేశపు తొలి టెస్టు కెప్టెన్ మన తెలుగాయన అయ్యాడు.

1936లో మళ్ళీ ఇంగ్లండు ప్రయాణం వచ్చింది. పటౌడీ నవాబు తప్పుకున్నాడు. ఇక మిగిలింది నాయుడిగారు, విజయనగరం రాజకుమారుడు విజ్జీ. ఇద్దరూ తెలుగువాళ్ళే చూడండి! ఒకాయన చేతిలో బ్యాటుంది, రెండో ఆయన చేతిలో సంస్థానం ఉంది. విజ్జీగారు ఆటంటే ఇష్టం లేనివాడు కాదు. కాశీలో తన సొంత మైదానం వేయించి, జాక్ హాబ్స్ లాంటి వాణ్ణి ఇంగ్లండునించి పిలిపించి ఆడించిన షోకుదారు. బోర్డులో ఓట్లు వేశారు. విజ్జీగారు గెలిచారు. ఆ పర్యటనలో మూడు టెస్టులాడి, ఆరు ఇన్నింగ్సుల్లో ఆయన చేసినవి 33 పరుగులు. లాలా అమరనాథ్ అంత ఆటగాణ్ణి తగువు పెట్టుకుని మధ్యలోనే ఇంటికి పంపేశారు. సర్ బిరుదు మాత్రం ఆ ఏడే వచ్చింది. నలభయ్యేళ్ళ నాయుడిగారు చివరి టెస్టులో 81 పరుగులు చేసి, నోరు మెదపకుండా ఓడెక్కారు.

ఒకే ఏడాదిలో, అక్కడ ఆఖరివాడికి మొదటి వంతు ఇద్దామనుకున్నారు. ఇక్కడ మొదటివాణ్ణి వెనక్కి నెట్టారు. అక్కడ మంచి పద్ధతిలో ఎంచుకున్నవాడు ఆడలేదు. ఇక్కడ చెడ్డ పద్ధతిలో పక్కన పెట్టినవాడు ఆడుతూనే ఉన్నాడు. 1953లో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో అడుగుపెడితే, ఏభయ్యెనిమిదో ఏట దాన్ని నడిపించిందీ నాయుడిగారే. వాళ్ళమ్మాయి చంద్ర నాయుడుగారు మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన తొలి మహిళల్లో ఒకరు. ఆ ఇంట్లో ఆట ఆడపిల్లకీ అందిందన్నమాట.

అన్నట్టు, విజయనగరం సంస్థానమంటే మనకి ముందుగా గుర్తొచ్చేది గురజాడవారి 'కన్యాశుల్కం' కదూ. 1892లో మొదటిసారి ఆడింది ఆ ఊళ్ళోనే. విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళు లెక్క కట్టిస్తే 1034 తేలాయిట. పాలుతాగే పిల్లలకి కూడా పాట పాడిన రోజులు. ఆ తరవాత కాలం తిరగబడి, ధర పలకడం పెళ్ళికూతురు మాని పెళ్ళికొడుకు మొదలుపెట్టాడు. కాళ్ళకూరివారు 'వరవిక్రయం' రాయాల్సి వచ్చింది. 1961లో కట్నం తప్పని చట్టం వచ్చింది. చట్టం వచ్చిన పుష్కరానికి మా పెళ్ళయింది.

మావారు మీసం దువ్వుకుంటూ, "నిన్ను వేలానికి పెడితే నేనెంత పాడేవాణ్ణో!" అన్నారు అందరి ముందూ.

"మీరు పాడటమేమిటి? మా నాన్న మూడెకరాల మాగాణి పాడి మిమ్మల్ని కొన్నారు. అప్పటినించీ బెంచీ మీదే ఉన్నారు" అన్నాను. గది గదంతా గొల్లుమంది. పాపం, ఆయనా నవ్వారు.

ఈలోగా టీవీలో పాట సాగుతూనే ఉంది. అయిదు జట్లు, జట్టుకి 12 కోట్ల సంచి, జాబితాలో 409 పేర్లు. మొట్టమొదటి పేరే స్మృతి మంధాన. బెంగళూరు వాళ్ళు 3 కోట్ల 40 లక్షలకి పాడుకున్నారు. సుత్తి పట్టుకుని నిలబడ్డదీ ఒక స్త్రీయే, మల్లికా సాగర్. బొమ్మలూ శిల్పాలూ వేలం వేసే వృత్తినించి వచ్చినావిడ. అదే ఏడాది డిసెంబరులో దుబాయిలో మగవాళ్ళ ఐ.పి.ఎల్. వేలం కూడా ఆవిడే నడిపింది. 'ఒకటోసారి, రెండోసారి' అని ఆవిడ తొణక్కుండా అంటూంటే నాకు మొదట వేసిన జలదరింపు ఎటు పోయిందో పోయింది. 2005 ప్రపంచకప్పులో ఫైనల్ దాకా వెళ్ళిన మన అమ్మాయిలకి ఆటకి వెయ్యి రూపాయలు ఇచ్చారని మిథాలీ రాజ్ చెప్పింది. పద్దెనిమిదేళ్ళలో వెయ్యి ఎక్కడ, కోట్లెక్కడ!

మన కృష్ణా జిల్లా అమ్మాయి సబ్బినేని మేఘన పేరు వచ్చింది. మా మనవరాలు కోటి రాసుకుంది. గుజరాత్ వాళ్ళు 30 లక్షలకి తీసుకున్నారు. "చూశావా!" అని మావారి గెలుపు. విశాఖ అమ్మాయి స్నేహ దీప్తికీ 30 లక్షలే, ఢిల్లీకి. ఆ అమ్మాయి 2013లో పదహారేళ్ళకే ఇండియాకి ఆడి, పెళ్ళి చేసుకుని, తల్లయ్యాక మళ్ళీ బ్యాటు పట్టింది. "చంటిపిల్లనెత్తుకుని ప్రాక్టీసుకి వెళ్ళడమంటే మాటలా? దానికి మూడు కోట్లివ్వాలి" అంది మా కోడలు వంటింట్లోంచి. ఆ ఒక్క మాటే ఆవిడ ఆ రోజు అంది. నాకు బాగా గుర్తు.

మనదేశంలో కూడా ఒకసారి అమెరికా పద్ధతిలో వంతులు వేసి ఎంచుకున్నారు, తెలుసా అండీ? 2008లో ఐ.పి.ఎల్. మొదలైనప్పుడు పెద్దవాళ్ళకి వేలం, పందొమ్మిదేళ్ళ లోపు కుర్రాళ్ళకి మాత్రం వంతులు. ఆ మార్చిలోనే కౌలాలంపూరులో కుర్రాళ్ళ ప్రపంచకప్పు గెలిచి వచ్చాడు విరాట్ కోహ్లి. ఢిల్లీ కుర్రాడు. ఢిల్లీ జట్టు వాళ్ళు మాత్రం మాకు బౌలరు కావాలని ప్రదీప్ సంగ్వాన్ని ఎంచుకున్నారు. కోహ్లి బెంగళూరు పోయి అక్కడే పాతుకుపోయాడు. ఇంటి పక్క చెట్టు కాయలు పులుపన్నారు కాబోలు! అప్పుడే మన వి.వి.ఎస్. లక్ష్మణ్ ఒక పనిచేశాడు. వాళ్ళమ్మా నాన్నా బెజవాడ డాక్టర్లు. జట్టు ముద్దుబిడ్డకి అందరికన్నా పదిహేను శాతం ఎక్కువిస్తామంటే, ఆ హోదా నాకొద్దు, ఆ డబ్బుతో మంచివాళ్ళని కొనుక్కోండి అన్నాడు. ఆ ఏడు హైదరాబాదు జట్టు ఆఖర్న నిలిచింది. మరుసటేడు కప్పు గెలిచింది.

ఇదంతా మీకు చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది. ఆ సోమవారానికి పది రోజుల ముందే మా మనవరాలు జిల్లా జట్టు ఎంపికలకి వెళ్ళి వచ్చింది. జాబితాలో పేరు లేదు. ఎవరికీ ఏమీ చెప్పకుండా బూట్లు అటక మీద పెట్టేసింది. రాత్రి అందరూ పడుకున్నాక నోటుబుక్కు తెరిచి చూశాను. ధరలన్నీ రాసుకున్న పేజీ అడుగున, చిన్న అక్షరాలతో తన పేరు, దానికెదురుగా ఒక సున్నా.

నాకు పదిహేనేళ్ళప్పుడు, పామర్రు దగ్గర మా ఊరి హైస్కూల్లో, రింగు టెన్నిస్‌లో నన్ను మించినవాళ్ళు లేరు. జిల్లా పోటీలకి వెళ్ళేవాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద పెడితే, పైనించి రెండో పేరు నాది. మా నాన్న చూసి, "ఆడపిల్ల బస్సెక్కి పొరుగూరు వెళ్ళి గెంతడమేమిటి?" అన్నారు, అంతే. నా పేరు మీద అడ్డగీత పెట్టి కింద ఇంకోపేరు రాశారు. పేరు లేకపోవడం ఒక బాధ. ఉన్న పేరు కొట్టేయడం ఇంకో బాధ. రెండోదాని రుచి నాకు తెలుసు. మూడెకరాలు నాకోసం ఇచ్చిన మనిషే, ఒక్క బస్సు టిక్కెట్టు ఇవ్వలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే స్టూలేసుకుని బూట్లు దించాను. "మేఘనకి 30 లక్షలేగా వచ్చింది, ఏమవుతుందో చూద్దాం పట్టు" అన్నాను. ఆ మాట ఊరికే పోలేదండోయ్. గుజరాత్ వదిలేస్తే తరవాతి వేలంలో బెంగళూరు వాళ్ళు అదే 30 లక్షలకి తీసుకున్నారు. 2024 ఫిబ్రవరి 24న వాళ్ళ మొదటి ఆటలోనే మేఘన 53 పరుగులు కొట్టింది. ఆ ఏడు కప్పు వాళ్ళదే.

ఆ డిసెంబరు 15న బెంగళూరులో మళ్ళీ వేలం. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిషని ఎవరూ పాడలేదు. మనవరాలి నోటుబుక్కులో మళ్ళీ సున్నా. సరిగ్గా ఏడు వారాలకి అదే కౌలాలంపూరులో అమ్మాయిల ప్రపంచకప్పు ఫైనల్. త్రిష 44 పరుగులు నాటవుట్, మూడు వికెట్లు. టోర్నీ మొత్తమ్మీద 309 పరుగులు చేసి, ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఆ సున్నాని మా పిల్ల ఎర్రసిరాతో కొట్టేసింది. అదే వేలంలో కడప జిల్లా ఎర్రమల్లె పల్లెటూరినించి వచ్చిన శ్రీచరణిని ఢిల్లీ వాళ్ళు 55 లక్షలకి తీసుకున్నారు. ఆ అమ్మాయి కూడా ఎడంచేత్తోనే తిప్పుతుంది. 2025 నవంబరు 2న మనవాళ్ళు ప్రపంచకప్పు గెలిచారు కదా, ఆ కప్పులో శ్రీచరణి తీసిన వికెట్లు 14. ఆ నెల 27న జరిగిన వేలంలో కోటీ ముప్ఫై లక్షలు.

కోటీ ముప్ఫై అనగానే మా ఇంట్లో చప్పట్లు. మా కోడలు మాత్రం, "అత్తయ్యగారూ, ఇది పదో తరగతి. ఇంక చాలు. మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ లేదన్నారు. కోటి వచ్చినవాళ్ళనే చూస్తున్నారు, రానివాళ్ళెంతమందో" అంది. అది నిజమే. నేనేం వాదించలేదు. "నాలుగోసారి నేను తీసుకెళ్తాను. లేదంటే అక్కడితో ఆపేద్దాం. వాళ్ళు లేదనాలిగాని మనం కొట్టెయ్యకూడదమ్మా" అన్నాను. నోటీసు బోర్డు సంగతి ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

తెల్లారగట్ల బస్సు. చేతిలో పులిహోర డబ్బా, మంచినీళ్ళ సీసా. చెట్టుకింద కూర్చుని చూస్తే పిల్లలు వందమంది దాకా ఉన్నారు. తల్లులూ అంతమందే. ఒకావిడ ఎక్కడో దివిసీమనించి రాత్రే వచ్చిందిట. మా పిల్లకి వేయమన్నవి తొమ్మిది బంతులు. రెండేళ్ళ కష్టానికి తొమ్మిది బంతులు! సాయంత్రం కాగితం అంటించారు. పదిహేను పేర్లలో లేదు. కింద గీత గీసి 'స్టాండ్‌బై' అని అయిదు పేర్లున్నాయి. అందులో మూడోది మాది.

తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. గొల్లపూడి దాటాక నావైపు తిరిగి, "పద్దెనిమిదో పేరు మామ్మా. 199 కంటే నయమేగా!" అంది.

ఇంటికొచ్చి చెపితే మా కోడలు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న డాబా మీదికి వెళ్తే, ఆటకి వేసుకునే తెల్లబట్టలు నీలిమందు పెట్టి ఆరేసి ఉన్నాయి.